మరకైబో మీదుగా హఫర్‌కి

కాలిన ఒంటి మీద కట్టు విప్పేటప్పుడు మనిషి అరుస్తాడు. అరిస్తే నాకేం పోదు గానీ, అరిచినకొద్దీ కండ బిగుసుకుంటుంది, బిగుసుకున్నకొద్దీ గుడ్డ కొత్తగా వస్తున్న చర్మాన్ని కూడా పెరుక్కుని వస్తుంది. మత్తుమందు ఎంత ఇచ్చినా ఆ కాసేపటికి చాలదు. అందుకని నేనో పద్ధతి పెట్టుకున్నాను. ఫోర్సెప్స్ చేతిలోకి తీసుకోగానే, "పద, నన్ను మీ ఊరు తిప్పు" అంటాను.

ఊరికే ఏదో వాగితే ఒప్పుకోను. బస్సు దిగిన దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఎడమవైపు ఏముంది, కుడివైపు ఎవరి కొట్టు, ఆ కోట ఎవడు కట్టాడు, ఎవడు కూల్చాడు, అన్నీ చెప్పాలి. సందు తప్పించాడా, వెనక్కి లాక్కొచ్చి మళ్ళీ నడిపిస్తాను. తోవ వెతుక్కునే మనిషికి అరవడానికి తీరిక ఉండదు. ఈ అరబ్బు దేశంలో, దమ్మామ్ ఊళ్ళో కాలిన గాయాల వార్డులో పదేళ్ళుగా ఇదే నా పని. చీరాల నుంచి వచ్చిన క్రిస్టీనా సిస్టర్‌కి నోటి దురుసు అని అందరూ అంటారు. అననీ. ఆ నోటితోనే మంచం పక్కనుంచి కదలకుండా ఢాకా చూశాను, పెషావర్ చూశాను, కైరో చూశాను.

అన్నిటికంటే బాగా చూసింది మాత్రం మరకైబో. దక్షిణ అమెరికాలో, వెనెజులా దేశంలో, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. దాన్ని నాకు చూపించినవాడి ఒంటి మీద చర్మం సగానికి సగం లేదు.

1991 జనవరి. కువైట్ యుద్ధం మొదలవగానే ఇరాక్ ఫిరంగులు సరిహద్దు ఊరైన ఖఫ్జీ వైపు పేలాయి. అక్కడొక నూనె ట్యాంకు అంటుకుంది. ఆ ట్యాంకుల దగ్గర పనిచేసేవాళ్ళలో యిర్మీయా ఒకడు. మా ప్రేమజ్యోతి మొగుడు. జ్యోతి మా వార్డులోనే నర్సు, బాపట్ల పిల్ల, నా గదిలోనే ఉండేది. మొగుడూ పెళ్ళాం ఒకే దేశంలో ఉన్నారన్న మాటే గానీ, అతను అక్కడ క్యాంపులో, ఈమె ఇక్కడ నర్సుల క్వార్టర్స్‌లో. అతను ఫోన్ చేసిన రోజు ఈ పిల్ల కూనిరాగాలు తీస్తూ బట్టలు ఉతికేది. చెయ్యని రోజు నా మీద విసుక్కునేది.

ట్యాంకు అంటుకున్న రెండు మూడు రోజులకి కొర్నేలు వచ్చాడు. అదే కంపెనీలో పికప్ డ్రైవరు, వాడిదీ బాపట్ల వైపే. క్వార్టర్స్ గేటు పక్క గదిలో నిలబడ్డాడు. తల ఎత్తడు. కూర్చోమంటే కూర్చోడు. మంచినీళ్ళు అడిగి గటగటా తాగాడు.

"యిర్మీయా అన్నకి కొంచెం సీరియస్‌గా ఉందంటక్కా. మిలిటరీవాళ్ళు హఫర్ అల్ బాతిన్ ఆసుపత్రికి తీసకపోయారంట. మీరేం భయపడమాకండి."

మనవాళ్ళు చావు కబురు ఎలా చెబుతారో నాకు తెలియదా? మా నాన్న పోయినప్పుడు నాకొచ్చిన టెలిగ్రాములో ఉన్నది కూడా ఆ సీరియస్ అన్న ముక్కే. నేను వెళ్ళేసరికి పెట్టె పక్కన మేకులూ సుత్తీ పెట్టుకుని కూర్చున్నారు. ఇదే వార్డులో, పక్కన మంచం మీద మనిషికి ముఖం దాకా దుప్పటి కప్పేసి, వాళ్ళ అన్నదమ్ములకి ఫోన్లో "కొంచెం సీరియస్‌గా ఉంది, మీరు బయల్దేరండి" అని జ్యోతి ఎన్నిసార్లు చెప్పిందో! పోయాడు అన్న మాట మనవాళ్ళకి నోట పలకదు. నోరు తిరగని మాటేం కాదు, చెప్పినవాణ్ణే దోషిని చేస్తారని భయం.

జ్యోతి కొర్నేలు మొహంలోకి చూసింది. "సీరియస్సా?" అంది.

"అవునక్కా, కొంచెం."

అంతే, నిలువునా కూలిపోయింది. గదిలో ఉన్న ఆడవాళ్ళమంతా గొల్లుమన్నాం. కొర్నేలు మమ్మల్ని ఒక్క క్షణం బిత్తరపోయి చూసి, గోడకి ఆనుకుని వాడూ ఏడవడం మొదలుపెట్టాడు. చెప్పినవాడే ఏడుస్తుంటే ఇంకేం అడుగుతాం? హఫర్ ఆసుపత్రి అన్నది కూడా మమ్మల్ని ఊరడించడానికి అల్లిన మాటే అనుకున్నాం.

మా గదిలోనే యిర్మీయా పేరున ఆదరణ కూడిక పెట్టాం, చావు ఇంట చేసే ప్రార్థన. విషవాయువు రాకుండా కిటికీలకి గోధుమరంగు టేపు అంటించి, తలుపు కింద తడి తువ్వాళ్ళు దోపి ఉన్నాయి. ప్రార్థన బయటికి వినపడితే ఈ దేశంలో ఊరుకోరు కనక టీవీ పెద్దగా పెట్టాం. టీవీలో యుద్ధవిమానాలు లేస్తుంటే మేం గొంతు లోపలే పాట పాడుకున్నాం. మధ్యలో సైరన్ మోగింది. మాస్కులు తగిలించుకుని, ఆ ఏనుగు తొండాల్లాంటి వాటిల్లోంచే ఆమెన్ అన్నాం. జ్యోతి పుస్తెలతాడు తీసి నా చేతిలో పెట్టింది.

"ఆయన ఎక్కడ పడున్నాడో తెలిస్తే చాలక్కా," అంది. "ఒక్క ఎముక దొరికినా మట్టి చేసుకుంటా. ఇంకేం అడగను దేవుణ్ణి."

ఆ వారమే మా వార్డుకి ఎవారిస్తో వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, వెనెజులావాడు, అదే కంపెనీ, అవే ట్యాంకులు. మొహం గుమ్మడికాయంత వాచిపోయి కళ్ళు కనపడటం లేదు. గొంతులో గొట్టం. రెండు చేతులకీ మోచేతుల దాకా చర్మం పోయింది, కాళ్ళకీ వీపుకీ అక్కడక్కడా మిగిలింది. జ్యోతి సూపర్‌వైజర్ కాళ్ళావేళ్ళా పడి తన డ్యూటీ అతని మంచానికే వేయించుకుంది.

"ఈయన చూసుంటాడక్కా. ఆయన ఎక్కడ పడ్డాడో ఈయనకి తెలిసుంటది. గొట్టం తీయంగానే అడుగుతా."

"అడిగావంటే చెంప పగులుద్ది," అన్నాను. "ఆమధ్య ఆ సూడాన్‌వాణ్ణి పోలీసులు మంట ఎట్టా లేచిందని అడిగితే ఏమైంది? చెబుతా చెబుతా గుండె ఆగి చచ్చాడు. వీడూ పోతే ఇంకెవర్ని అడుగుతావే? వాడంతట వాడు నోరు తెరవాలి. అందాకా నోరు మూసుకుని కాలు పట్టుకో."

పట్టుకుంది. కట్లు విప్పినప్పుడల్లా అతని కాలు కదలకుండా పట్టుకుని, నోటివంకే చూస్తూ నిలబడేది.

గొట్టం తీసిన కొన్నాళ్ళకి మాట వచ్చింది. గరగరలాడే గొంతు, స్పానిష్ యాసలో ఇంగ్లీషు. నేను ఫోర్సెప్స్ తీసి నా మామూలు మాట అన్నాను. అతను పళ్ళు కొరుక్కుంటూ నవ్వాడు. "పడవలో రండి సిస్టర్. మా ఊరికి నీళ్ళమీదుగానే రావాలి," అన్నాడు.

అలా మొదటి రోజు పడవ దిగాం. రేవులో అరటిగెలల బజారు, చేపల వాసన, జనం. "ఇది మూడుసార్లు పుట్టిన ఊరు," అన్నాడు. మొదట ఒక జర్మనీవాడు బంగారం కోసం వచ్చి ఇక్కడ గుడిసెలు వేశాడట. సరస్సు చుట్టూ ఉన్న ఊళ్ళు తగలబెట్టి, మనుషుల మెడలకి గొలుసులు వేసి నడిపించాడట. నడవలేక ఒకడు పడిపోతే గొలుసు విప్పడానికి ఆగకుండా తలే నరికి ముందుకు పోయేవాళ్ళని చెప్పుకుంటారట. చివరికి ఎవరో వాడి గొంతులో విషపుటమ్ము దింపారు.

"మంచి పని," అన్నాను, పాదం మీది గుడ్డ ఒక్క పట్టున లాగుతూ.

"చాలా మంచి పని," అని అరిచాడు ఎవారిస్తో.

మర్నాడు పెద్ద కూడలి చూపించాడు. పక్కనే పాతకాలపు మేడ, బాల్కనీలు, పెద్ద పెద్ద గుమ్మాలు. స్పెయిన్ సేనాని ఓటమి ఒప్పుకుని సంతకం చేసింది అందులోనేనట. అంతకుముందే సరస్సులో ఓడల యుద్ధం జరిగింది, 1823లో. రెండు పక్షాల ఓడలూ ఒకదాన్నొకటి ఢీకొని, మనుషులు కత్తులు పట్టుకుని ఒక ఓడ మీంచి ఇంకో ఓడ మీదికి దూకారు. సాయంత్రానికి తేలుతున్న శవాలని తెడ్లతో పక్కకి నెట్టుకుంటూ పడవలు ఒడ్డుకు రావాల్సి వచ్చిందని వాళ్ళ బళ్ళో అయ్యవారు చెప్పాడట. "ఏటా జులైలో అక్కడే మాకు పండగ, బాణాసంచా, పిల్లలకి మిఠాయిలు," అన్నాడు. మోకాలి దగ్గర చీము పట్టింది. గీకాను. కాసేపు ఊరు ఆగిపోయింది, మళ్ళీ మొదలైంది.

ఇంకో రోజు పెద్ద చర్చి. సరస్సు ఒడ్డున బట్టలుతికే ముసలమ్మకి నీళ్ళలో చిన్న చెక్కపలక దొరికిందట. బిందె మీద మూతకి బాగుందని ఇంటికి తెచ్చుకుంది. మర్నాడు చూస్తే పలక మీద మరియమ్మ రూపం వెలుగుతోంది. ఆ ఇంటి చోట ఇప్పుడు పసుపూ నీలం రంగుల చర్చి, నవంబరులో రాత్రంతా డోళ్ళూ పాటలూ.

"మేం బాప్టిస్టులం. చెక్కలకి మొక్కం," అంది జ్యోతి. అతనితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"మొక్కొద్దమ్మా. బిందె మీద మూత పెట్టుకో," అన్నాడు.

జ్యోతి మూతి బిగించింది గానీ, ఆ పూట కాలు పట్టుకున్న చెయ్యి మాత్రం మెత్తబడింది.

అలా అలా ఊరంతా తిరిగాం. శాంతా లూసియా పేటలో ఇళ్ళకి ఒకదానికి గులాబీ రంగు, ఇంకోదానికి ఆకుపచ్చ, తలుపులకి నీలం. కిటికీల ఊచల వెనక ముసలివాళ్ళు కుర్చీలు వేసుకుని రోడ్డు చూస్తుంటారు. ఆ పేట మీదుగా సముద్రపు దొంగలు ఊళ్ళోకి దిగారట. డబ్బు దాచింది ఎక్కడో చెప్పమని జనాన్ని వేళ్ళ మధ్య అగ్గి పెట్టి హింసించారట. తిరిగి పోతుంటే స్పెయిన్ ఓడలు అడ్డం నిలబడ్డాయి. దొంగలు ఒక ఓడ నిండా మందుగుండు నింపి, మొద్దులకి టోపీలు పెట్టి మనుషుల్లా నిలబెట్టి, దాన్ని తీసుకుపోయి స్పెయిన్ ఓడకి తగిలించి అంటించేశారు. "మా సరస్సు మీద కాలడం అప్పట్నుంచే ఉంది," అన్నాడు ఎవారిస్తో. జ్యోతి ముందుకి వంగింది. నేను కళ్ళతోనే ఆపాను.

తర్వాత వంతెన. సరస్సు మెడ మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి మైళ్ళ పొడుగున. కట్టిన రెండేళ్ళకే ఒక నూనె ఓడ చీకట్లో దారి తప్పి స్తంభాలని గుద్దింది. రోడ్డు ముక్క నీళ్ళలో పడిపోయింది. వెనక వస్తున్న కార్లకి అది తెలియదు. దీపాలు వేసుకుని, పాటలు పెట్టుకుని వచ్చి వచ్చి ఒకదాని వెనక ఒకటి గాల్లోకి పోయాయి. "ఇప్పుడు బాగుచేశారు. పగలు చూడాలి. పైనుంచి చూస్తే నీళ్ళకి హద్దుండదు. ఆ ఒడ్డున అన్నీ నూనె బావులే," అన్నాడు.

"ఆ ఒడ్డు చూపించు," అన్నాను.

"ఆ ఒడ్డు వద్దు సిస్టర్. రేపు." ఎప్పుడడిగినా అదే మాట. కుడిచెయ్యి కూడా అంతే. ఎడమచేతిదాకా ఓర్చుకునేవాడు, కుడిచెయ్యి ముట్టుకుంటే మాత్రం మత్తు పూర్తిగా ఇచ్చేదాకా తన్నుకునేవాడు.

ఒకసారి మెరుపుల సంగతి చెప్పాడు. సరస్సు దక్షిణాన ఏడాది పొడుగునా ఆకాశం మెరుస్తూనే ఉంటుందట, దూరం నుంచి చూస్తే చప్పుడే ఉండదట. జ్యోతి చేతిలో కిడ్నీ ట్రే కింద పడిపోయింది. బయటికొచ్చి నా భుజం పట్టుకుంది. "ఆయన చెప్పాడక్కా ఫోన్లో. మా క్యాంపులో ఒకాయనున్నాడు, ఆయన ఊళ్ళో మెరుపుకి ఉరుముండదంట, ఎప్పటికైనా నిన్ను తీసకపోయి చూపిస్తా అన్నాడు. ఈయనేనక్కా! ఇద్దరూ స్నేహితులు. ఇంక నావల్ల కాదు, అడిగేస్తా."

"రేపు," అన్నాను. అతని మాటే నా నోటికొచ్చింది.

ఆ సాయంత్రమే పక్కనున్న అల్ ఖోబర్‌లో అమెరికా సైనికుల బస మీద ఇరాక్ స్కడ్ క్షిపణి పడింది. మా కిటికీలు ఊగాయి, గోడల పెచ్చులు రాలాయి. కాసేపటికి మా దగ్గరికి కూడా కొందరిని తెచ్చారు. పందొమ్మిది ఇరవై ఏళ్ళ పిల్లలు. ఒకడి పొట్టలోంచి మంచం ఇనప ముక్క బయటికొచ్చి ఉంది. ఒకడు తన కాలు ఏదని అడుగుతున్నాడు, అది ఇంకో స్ట్రెచర్ మీద వచ్చింది. నేల మీద రక్తానికి జారకుండా దుప్పట్లు పరిచాం. తెల్లవార్లూ ఆ అరుపులే. ఎవారిస్తో కళ్ళు అప్పటికి తెరుచుకున్నాయి గానీ, గోడవైపు తిరిగి గట్టిగా మూసుకుని పడుకున్నాడు.

పొద్దున కట్టు విప్పడానికి వెళ్ళాం. నేను ఊరు తిప్పమని అనకముందే, "కుడిచెయ్యి విప్పండి. ఆ ఒడ్డుకి పోదాం," అన్నాడు.

అక్కడ లగునీయాస్ అని ఊరుండేదట. నీళ్ళలో గుంజలు పాతి, వాటి మీద ఇళ్ళు, వంతెనల్లాంటి చెక్క దారులు, చెక్క బడి, చెక్క సినిమా హాలు. కింద నీళ్ళ మీద బావుల నుంచి కారిన నూనె తెట్టెలు కట్టి ఉండేది. 1939లో ఒక దీపం పడిందో ఏమో, నీళ్ళకి నీళ్ళే అంటుకున్నాయి.

"మా అమ్మకి అప్పుడు పదిహేనేళ్ళు. మా తాత పడవలో ఎక్కించాడు. నీళ్ళలో జనం. పైన మంట, లోపల ఊపిరాడదు. పైకి లేస్తే జుట్టు అంటుకుంటుంది. పడవ అంచు పట్టుకున్నారు, పది చేతులు, ఇరవై చేతులు. పడవ ఒరిగిపోతోంది. మా తాత తెడ్డు తీసుకుని కొట్టాడు. వేళ్ళ మీద కొట్టాడు. పక్కింటివాళ్ళ వేళ్ళు, తనతో పేకాడేవాళ్ళ వేళ్ళు. విరిగిన చప్పుడు అమ్మకి చివరిదాకా వినపడేది."

కుడిచేతి ఆఖరి పొర వచ్చేసింది. కింద మాంసం ఎర్రగా, తడిగా. అతను అరవలేదు.

"మా తాతని నేను చిన్నప్పట్నుంచీ అసహ్యించుకున్నాను సిస్టర్. ఖఫ్జీలో మేం ముగ్గురం గోతిలో ఉన్నాం. మండుతున్న నూనె గోతిలోకి వచ్చింది. నేను గట్టెక్కుతున్నాను. కింద ఒకడు నా బూటు పట్టుకున్నాడు. తన్నాను. మొహం మీద తన్నాను. వదల్లేదు. మళ్ళీ తన్నాను."

జ్యోతి కాలు వదిలేసింది. నేను చూసేలోపే ఆ పచ్చిమాంసం చేతిని రెండు చేతులతో పట్టుకుని పిండింది. "ఎవర్ని తన్నావురా? ఎవర్ని?" తెలుగులో అరుస్తోంది. అతను మంచం మీంచి విల్లులా లేచాడు. ఆమె గ్లవ్స్ మీద రక్తం, మోచేతుల దాకా. విడిపించబోతే విడవదు. చెంప మీద లాగి కొట్టాను. నా చెయ్యే తిమ్మిరెక్కింది. అప్పుడు వదిలి కింద కూలబడింది.

"ఈమె యిర్మీయా భార్య," అన్నాను అతనితో. "మీ జెరెమయా. తన్నింది అతన్నేనా? చెప్పు."

ఎవారిస్తో ఊపిరి కూడదీసుకుని, కళ్ళు పెద్దవి చేసి చూశాడు. "జెరెమయానా? జెరెమయా నా భుజం మీద ఉన్నాడు! అతను భుజం మీద ఉండబట్టే ఆ ఇంకొకణ్ణి తన్నాను. ఇద్దర్ని మొయ్యలేను కదా. ఈ చేతుల చర్మం అతని కోటుకి అంటుకుని ఊడింది. మిలిటరీ ట్రక్కులో పడేశాను. బతికే ఉన్నాడు, నన్ను తిడుతున్నాడు. ఆ ట్రక్కు హఫర్‌కి పోయింది. మీకు తెలియదా? మీకందరికీ తెలుసనుకున్నాను!"

జ్యోతి నేల మీంచి తలెత్తింది. ఏడుపూ నవ్వూ కాని ఏదో చప్పుడు చేసింది.

కొర్నేలుని గేటు దగ్గరికి పిలిపించి చొక్కా పట్టుకున్నాను. "ఆ రోజు నువ్వు ఏం చెప్పి చచ్చావురా?"

"సీరియస్‌గా ఉందని చెప్పా గదక్కా! హఫర్‌లో ఉన్నాడనీ చెప్పా."

"మరి ఎందుకు ఏడ్చావురా దరిద్రుడా?"

"మీరంతా ఏడిస్తే ఏడిచానక్కా! నేను దోవలో ఉండంగానే హఫర్ నుంచి మీకు ఫోనొచ్చిందేమో, అన్న పోయాడేమో అనుకున్నా. నేను చెప్పింది నిజమే. నా తల్లి మీద ఒట్టు, అట్టాగే చెప్పమన్నారు, అట్టాగే చెప్పా."

ఏం అనాలి వాణ్ణి? జీవితంలో ఒక్కసారి ఒక్కడు ఆ మాటకి ఉన్న అర్థంతోనే ఆ మాట చెప్పాడు. మేం బతికున్నవాడికి కూడిక పెట్టి, పాటలు పాడి, పెళ్ళాం మెళ్ళో తాడు తీసేశాం. పట్టరాని కోపం వచ్చింది నాకు. కొర్నేలు మీద కాదు, మనవాళ్ళందరి మీదా.

హఫర్ దారి అంతా సైన్యం కింద ఉంది, పర్మిట్ లేకుండా పురుగుని కూడా పోనివ్వరు. ఫోన్ లైన్ కోసం జ్యోతి ఎక్స్‌ఛేంజి గది ముందే కూర్చుంది. చివరికి ఒక డాక్టరు దయ తలిచి సైన్యం లైన్లో కలిపించాడు. అవతల ఎవరో అరబ్బీలో, "ఉన్నాడు, ఉన్నాడు, ఇండియావాడు, జెరెమయా. ఇన్నాళ్ళకి నోరు తెరిచి పేరు చెప్పాడు. బతికే ఉన్నాడు," అన్నారు. లైను తెగిపోయింది. జ్యోతి ఫోనుకి ముద్దు పెట్టింది.

యుద్ధం ఆగిందని రేడియోలో చెప్పాక హఫర్ నుంచి రోగుల్ని తేవడానికి మా అంబులెన్సు బయల్దేరింది. నర్సులుగా నేనూ జ్యోతీ ఎక్కాం. దారి తెలిసినవాడని కొర్నేలుని డ్రైవరు పక్కన కూర్చోబెట్టాం. ఎవారిస్తో మంచంలోంచి జ్యోతితో, "జెరెమయాకి చెప్పు, వంతెన ఇంకా చూపించలేదని. మీ ఇద్దర్నీ పగటిపూట ఎక్కిస్తాను," అన్నాడు.

కువైట్ బావులు తగలబడుతున్నాయి. మిట్టమధ్యాహ్నం దీపాలు వేసుకుని నడిపాం. ఆకాశం నల్లగా, అద్దం మీద మసి చుక్కలు. రోడ్డు పక్కన కాలిన లారీలు. ఒకదాంట్లో స్టీరింగ్ ముందు మనిషి ఇంకా కూర్చునే ఉన్నాడు. మొహంలో పళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. కొర్నేలు తల తిప్పుకున్నాడు. జ్యోతి అటు చూడనే లేదు. నా బ్యాగులోంచి పుస్తెలతాడు తీసి, "వెయ్యక్కా" అని నా వైపు వీపు పెట్టి తిరిగింది. బండి కుదుపులకి కొక్కెం పడక నేను విసుక్కుంటుంటే కిలకిలా నవ్వింది.

"మొహం ఎట్టా ఉన్నా ఏం గాదక్కా. చేతులు లేకపోయినా నేను అన్నం పెడతా. బాగయ్యాక ఆ సరస్సు చూడ్డానికి పోతాం. నువ్వూ రా. ఊరంతా మనకి తెలిసిందే గదా, ఎవర్నీ దారి అడగబల్లే."

"నేనెందుకే మధ్యలో," అన్నాను. నాకూ నవ్వు వచ్చింది.

హఫర్ ఆసుపత్రి వరండా అంతా స్ట్రెచర్లు. మా మాటలు విని ఒక నర్సు దగ్గరికొచ్చింది. బ్యాడ్జి మీద మహబూబ్బీ అని ఉంది. "తెలుగోళ్ళా? నాది కడప," అంది మొహం విప్పారి.

"నేను యిర్మీయా భార్యని. జెరెమయా. ఖఫ్జీ నుంచి వచ్చాడు, కాలినాయన," అంది జ్యోతి, ఒక్క గుక్కలో.

మహబూబ్బీ మొహం మారింది. జ్యోతిని చూసింది, మెళ్ళో తాడు చూసింది, నన్ను చూసింది. గబగబా పోయి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"కొంచెం సీరియస్‌గా ఉండాడక్కా. దినామూ మిమ్మల్నే అడుగుతాండె. కూచోండి ముందు. ఈ నీళ్ళు తాగండి."

"సీరియస్సే గదా!" జ్యోతి నా చెయ్యి పట్టుకుని ఊపింది. "విన్నావా అక్కా? సీరియస్సే! ఈ మాట నమ్మకే గదా ఇన్నాళ్ళు పోగొట్టుకున్నాం. ఈసారి నమ్ముతా. మొహం కడుక్కునొస్తా, ఈ మసితో చూస్తే భయపడతాడు." నీళ్ళ గది ఎటో కనుక్కుని పరుగెత్తింది.

నేను మహబూబ్బీని అడగలేదు. ఆమె వెనకాల వార్డు తలుపు తీసే ఉంది. కిటికీ పక్క మంచం మీద పరుపు చుట్టి పెట్టారు. కింద నేల ఫినాయిలు పెట్టి తుడిచారు, ఇంకా ఆరలేదు. మహబూబ్బీ నా కళ్ళు ఎటు పోయాయో చూసి, ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది.

"పొద్దున్నే అక్కా," అంది. "నా నోటితో ఎట్ల చెప్పేది?"

జ్యోతి తడి మొహంతో వచ్చింది. జుట్టు సర్దుకుంది. తాడు కోటు బయటికి తీసి పెట్టుకుంది.

"కనపడతందా అక్కా? నేను తీసేశానని ఆయనకి తెలియకూడదు. నువ్వు కూడా చెప్పమాక."

పదేళ్ళు ఈ వార్డుల్లో బతికినదాన్ని, నోటి దురుసు క్రిస్టీనాని. ఒక్క మాట చెప్పాలి, చెప్పి తీరాలి అనుకున్నాను. నోరు తెరిచాను.

"కనపడతందిలే. కాసేపు కూర్చోవే," అన్నాను. మహబూబ్బీ చేతిలో గ్లాసు తీసుకుని ఆమెకి చాపాను. "కొంచెం నీళ్ళు తాగు."

జ్యోతి గ్లాసు అందుకోలేదు. నా మొహంలోకి చూస్తూ అలాగే నిలబడిపోయింది.